నాన్న చదువుతున్న పుస్తకం

అకితా నగరం నుంచి
అమ్మా, నేను కులాసా. ఫోనులో అయితే ఇదంతా చెప్పలేనని కార్డు రాస్తున్నాను.

నిన్న పనిమీద రైల్లో వెళ్తూ, నాన్న ట్యాబులో సగం చదివి వదిలేసిన పుస్తకాన్ని నా ఫోనులో తెరిచాను. ఇద్దరిదీ ఒకటే ఖాతా కదా, ఆయన ఆగిన పేజీయే వస్తుందనుకున్నాను. అది ఎంతో ముందుకు జరిగి ఉంది. కంగారుగా చెల్లికి ఫోను చేశాను.

"అమ్మే అన్నయ్యా. రోజూ పొద్దున్నే నాన్న పటం ముందు అన్నం పెట్టి, ‘ఏవండీ, చదవడమైందా?’ అని పేజీ తిప్పుతోంది" అంది చిజురు.

ట్యాబుకి ఛార్జింగు పెట్టడం మరిచిపోకు. మోకాలికి మందు రాస్తున్నావా? పుస్తకం ఇంక కొంచెమే ఉంది, నిదానంగా తిప్పు. ఆఖరి పేజీ మాత్రం ఉంచమ్మా. పోయినవాళ్లు బోన్ పండక్కి ఇంటికొస్తారుగా, అది ఆయనే తిప్పుకుంటారు.

చిజురుకి దీవెనలు.
నీ తెప్పెయ్