గుడ్డ మీద పేరు లేని పందెం

డెల్మర్,

నువ్వు అమ్మను మోసం చేశావు. పరాయివాళ్ళను చేసినంత తేలిగ్గా, నవ్వుతూ చేశావు.

రీనోలో మీ కాసినో ప్రతి ఉదయం పెట్టే ఉచిత క్రాప్స్ పాచికల జూదం పాఠానికి, చెప్పేది కొడుకని అమ్మ ముస్తాబై వచ్చింది. పాచికలు మొదటిసారి విసిరినప్పుడు ఏడో పదకొండో పడితే గెలుపనీ, రెండు, మూడు, పన్నెండు పడితే ఓటమనీ, ఇంకేది పడినా ఏడు పడేలోపు అదే మళ్ళీ పడాలనీ చక్కగా నేర్పావు. ఆ తర్వాత బల్ల మీద పరిచిన గుడ్డ మధ్యనున్న రంగురంగుల గళ్ళు చూపించి, "మజా అంతా ఇక్కడేనమ్మా" అన్నావు. అప్పటినుంచి అమ్మ పింఛను ఆ గళ్ళలోకే పోతోంది.

నిన్న నేనూ తోడు వెళ్ళాను. పక్కనున్న ముసలాయన తన పందెం వెనక, ఏ గడీ గీయని చోట, ఇంకొన్ని బిళ్ళలు పెట్టాడు. అదేమిటని అమ్మ అడిగింది.

"ఈ బల్ల మీద కాసినోకి వాటా లేని పందెం ఇదొక్కటే తల్లీ. అందుకే గుడ్డ మీద దీని పేరు వేయరు. మీకు నేర్పినాయన చెప్పలేదా?"

"నేర్పింది మావాడే. మరిచిపోయుంటాడులెండి," అంది అమ్మ.

కడుపు కోసం అంటావు. నీ పాఠానికి వచ్చే హోటల్ పనివాళ్ళకు కడుపు లేదా?

నేను అడిగేవి ఇవి:

రేపటి పాఠంలో ముందు ఆ పందెం గురించి చెప్పు.

మధ్యలో ఉన్న గళ్ళు ఎవరి లాభానికి గీశారో చెప్పు.

ఆదివారం వచ్చి, అమ్మ ఎదురుగా కూర్చుని, మరిచిపోలేదని నీ నోటితోనే చెప్పు.

అక్క