గీతకి ఇవతల

తమ్ముడికి,

ఇది ముందు మీ పీఏ చదువుతాడని తెలుసు. చదవనీ, దాచేదేం లేదు.

నియోజకవర్గం గీత మార్చినప్పుడు అది మనం పెరిగిన వీధి మధ్యలోంచి పోయింది. ఎదురువరస నీకు ఉండిపోయింది, మా వరస పక్క ఎమ్మెల్యేకి పోయింది. ఇక్కడ నీకు ఓట్లు పడవని నువ్వే అటు తోయించావని జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చే ఆడవాళ్లు అంటున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. ఏ ముక్క ఎటు పోవాలో కత్తెర పట్టినవాళ్లకే తెలుస్తుంది.

కుళాయి రావడం లేదని మీ ఆఫీసుకి వెళ్తే, బల్ల దగ్గరాయన "మీరు మావాళ్లు కారమ్మా, అటు వెళ్లి అడగండి" అన్నాడు. నీ అక్కనని చెప్పాలనిపించలేదు.

నిన్న ప్రచారానికి వచ్చి ఎదురువరసలో ప్రతి గడపా ఎక్కావు. తిరిగి జీపెక్కుతూ, గుమ్మంలో నిలబడ్డ నాకు కూడా దండం పెట్టావు. మొహం మీద పోస్టర్‌లో ఉన్న నవ్వే ఉంది. నన్ను పోల్చుకున్నావో లేదో తెలియలేదు. అందరితోపాటు నేనూ దండం పెట్టాను.

మళ్లీ వస్తే ఇటు చేతులెత్తకు, ఊరికే భుజాలు నొప్పి. ఆ దండం దండగ. నా ఓటు ఇప్పుడు నీకు పడదు.

అక్క