విమానానికి కాళ్ళు

జూన్ 4
నాన్న మళ్ళీ చక్రాలు పెట్టాడు.

జూన్ 5, పొద్దున
నిన్న కోపంలో ఒక్క లైనే రాశాను. ఒక పెద్దావిడ ఈమెయిల్‌లో ఆర్డర్ ఇచ్చింది. యుద్ధంలో వాళ్ళన్న నడిపిన ఫైటర్ విమానం, చెక్కతో, టేబుల్ మీద పెట్టుకునేంత. చక్రాలు లోపలికి ముడుచుకుని, స్టాండ్ మీద ఎగురుతున్నట్టు ఉండాలి. నచ్చితే ఫ్లయింగ్ క్లబ్ వాళ్ళకి మా పేరు చెబుతానంది. ఒప్పుకున్నది నేను. మంచాలు, బల్లలు అడిగేవాళ్ళే లేరు. ఇది చెడిందంటే నాన్న వడ్రంగి షాపు మూసి, ఎవరి దగ్గరో ప్యాకింగ్ పెట్టెలకి మేకులు కొట్టుకోవాలి.

నాన్నకో పద్ధతుంది. ఏ వస్తువునైనా గుమ్మం దగ్గరి నాపరాయి మీద నిలబెట్టి వేలితో తోస్తాడు. ఊగకపోతేనే బయటికి పంపుతాడు. స్టాండ్ ఉంది కదా నాన్నా అంటే, అది ఊతకర్రే, కాళ్ళెలా అవుతుందే అంటాడు.

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఈ విమానానికీ మూడే. రెక్కల కింద రెండు, తోక కింద ఒకటి.

జూన్ 7
ఈమెయిల్ చదివి వినిపించాను. ఆ అన్న ఎగిరిన రోజు ఆవిడ గేటు దగ్గర నిలబడి చేయి ఊపిందట. ఆయన మళ్ళీ దిగలేదు. ఆఖరిసారి చూసినట్టే కావాలట. నాన్న ఉలి పక్కన పెట్టి విన్నాడు. అర్థమైందనుకున్నాను. అయితే దాన్ని దించాలి కదే పిచ్చిదానా అన్నాడు.

ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఆ చదువు దేనికో నాకే తెలియడం లేదు. అమ్మ వార్నిష్ వేస్తూ ఒకటే నవ్వు. పెళ్ళైనప్పటినుంచీ నేనే మార్చలేకపోయాను, ఇప్పుడు నువ్వు మారుస్తావా అంటుంది.

జూన్ 9
అరిచాను. ఇది నీ కోసం కాదు, ఆవిడ కోసం అన్నాను. నాన్న రంపం తీసి మూడూ కోసేశాడు. మొదళ్ళు పీకి, ఆ కన్నాల్లో చెక్క బిరడాలు కొట్టాడు. సరేనా ఆఫీసరమ్మా అన్నాడు. మళ్ళీ అతికిస్తాడేమోనని చక్రాలు తీసుకెళ్ళి రంపపు పొట్టు బస్తాలో పడేశాను.

జూన్ 12
పెద్దావిడ చేతికర్రతో వచ్చింది. నాన్న లోపలే ఉండిపోయాడు. అచ్చం అలాగే ఉందంది. క్లబ్ వాళ్ళకి చెబుతానంది. గెలిచాననుకున్నాను.

అంతలో దాన్ని తిరగేసి, ఈ మూడు మచ్చలేమిటని అడిగింది. బిరడాల రంగు కలవలేదు. నేను సర్దిచెప్పేలోపే అమ్మ అందుకుంది. మా ఆయన చక్రాలు పెట్టాడండీ, ఎగిరినది దిగాలి కదా అని ఒకటే గొడవ, మా పిల్లే తీయించిందని మొత్తం చెప్పేసింది. నా తల తీసేసినట్టయింది. ఆవిడ మచ్చల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. విమానం తీసుకుని కారెక్కింది.

జూన్ 13, మధ్యాహ్నం
పెద్దావిడ ఫోన్ చేసింది. చక్రాలు పారేశారా అని అడిగింది. ఉన్నాయండీ అన్నాను.

బస్తా మొత్తం నేల మీద కుమ్మరించాను. కొత్తవి చెక్కొచ్చు కదా నాన్నా అంటే, దాని కాళ్ళు దానికుండగా కొత్తవెందుకంటాడు. నా పక్కనే కూర్చుని పొట్టు జల్లెడ పడుతున్నాడు.

రెండు దొరికాయి. తోకది ఇంకా లేదు.