తెల్లచీరలో ఫొటో

బుద్ధగయ, 20 మే 1981

అత్తయ్యగారికి వసుంధర నమస్కరించి,

వైశాఖ పున్నమి పండుగ చూసిపోదామనే వచ్చాను. చివరికి నేనూ నియమం పట్టి కూర్చున్నాను. ఆ రోజు తెల్లబట్టలు కట్టాలి, నగలూ పువ్వులూ మానాలి, మధ్యాహ్నం దాటాక తినకూడదు. ఫొటో పంపుతున్నాను.

మీ కోడలు
వసుంధర

తా.క. సాయంత్రం టీ తాగాను. అది తిండి కిందికి వస్తుందో రాదో ఇంకా తేలలేదు.

పోర్టు క్వార్టర్స్, విశాఖపట్నం, 29 మే

వసుంధరా,

దీవెనలు తరవాత సూద్దాం. నాను సెప్తన్నాను, పక్కింటి సూర్యకాంతం రాస్తంది.

పూర్ణా మార్కెట్ నించి వచ్చేసరికి మన గుమ్మం నిండా ఆడోళ్లు. కవర్లోంచి ముందు నీ ఫొటో జారిందంట. బొట్టు నేదు, గాజుల్నేవు, తెల్లకోక. ఉత్తరం సదవకుండానే సూర్యకాంతం గొల్లుమంది. "ఎప్పుడు పోయాడమ్మా నీ కొడుకు?" అని నా మెడట్టుకుని ఒకటే ఏడుపు. డ్యూటీ దిగి పడుకున్న నీ మొగుడు గురునాథం లుంగీతో బయటికొచ్చి, "ఎవులు పోయారే అమ్మా?" అన్నాడు. ఆడోళ్లు కెవ్వుమని పరుగు!

మొగుడు గుండ్రాయిలాగుంటే ఈ ఏసం ఏటే? తాళేదీ? బొట్టెట్టుకుని, తాళి అగుపడేలా ఇంకో ఫొటో అంపు. అందాకా నా గుమ్మం ఎక్కొద్దు.

ఆదిలక్ష్మమ్మ

తా.క. ఇది సూర్యకాంతం రాస్తున్నది: కవరు నేను చింపలేదు. జిగురే ఊడింది.

బుద్ధగయ, 6 జూన్

అత్తయ్యగారి పాదాలకు,

మీ ఉత్తరం చదవగానే ఈ జవాబు రాస్తున్నాను. ఆ రోజు బొట్టు చెమటకి కారిపోయింది. తాళి తీయబోయి, చెయ్యి రాక జాకెట్టులోకి దోపుకున్నాను. అది భక్తో భయమో నాకే తెలియదు. ఇక్కడ తెల్లచీర చావుకి గుర్తు కాదు. భర్తలున్నవాళ్ళూ కట్టారు. తెల్లబట్టల్లో ఒక ముసలావిడ ఎదురొస్తే ఎవరూ తప్పుకోలేదు. వంగి దణ్ణం పెట్టి, చేతిలో తామరపువ్వు పెట్టారు. ఆషాఢ పున్నమికి సారనాథ్‌లో ఇలాంటి పండుగే ఉందట. ఇక ఆ ఊసెత్తను. ఇంటికి రానిస్తారా?

వసుంధర

తా.క. కొత్త ఫొటో జతచేశాను. బొట్టు వెనక మొహం కనబడటం లేదని ఫొటో తీసినాయన విసుక్కున్నాడు.

విశాఖపట్నం, 14 జూన్

అమ్మా వసుంధరా,

కొత్త ఫొటో సూర్యకాంతానికిచ్చేశాను, వీదంతా సూపించుకోమని. నాను మాత్రం ఆ ముసల్దాని ముక్కే మళ్లీ మళ్లీ సదివించుకుంటన్నాను.

మీ మావ పోయిన కాణ్ణించి నాను తెల్లకోకే కడతన్నాను. మీ పెళ్లినాడు నా కొడుక్కి అచ్చింతలెయ్యకుండా వంటింట్లో కూకున్నాను. ఇప్పటికీ పొద్దున్నే ఎదురైతే కొట్టోడు మొకం తిప్పుకుంటాడు. దాని సేతిలో నిజంగా పువ్వెట్టారా?

గుమ్మం మాట మరిసిపో. తిన్నగా లోపలికి రా. వచ్చి, ఆ ఆసాడ పున్నానికి నాకూ టిక్కెట్టు తియ్యి.

మీ అత్త
ఆదిలక్ష్మమ్మ

తా.క. పెట్టి సర్దేశాను. కొత్త కోకలు కొనక్కర్నేదు. నాకున్నయ్యన్నీ పండగ కోకలే గదా!