తాకట్టు తుపాకులు

మార్చి 4

తుపాకులు వచ్చాయి. పన్నెండు. గవర్నర్ మనుషులు జీపులోంచి దించి వాకిట్లో నాన్న కాళ్ళ ముందు పరిచారు. మధ్యవర్తి షేక్ ముఖ్బిల్. అన్న దైఫుల్లా పోయి నెల కూడా కాలేదు.

మాలో ఇంతే. తప్పు చేసినవాడు తుపాకులు పంపుతాడు. అవతలివాడు తీసుకున్నాడంటే తీర్పు వచ్చేదాకా పగ పక్కన పెట్టానని మాట ఇచ్చినట్టే. ఈలోగా వాటిలో ఒక్కటి పేలినా ఆ ఇంటి పరువు ఏడు తరాలకి పోయినట్టే.

సరే, కొట్టిందెవరు? డ్రోన్. దాన్ని నడిపేవాళ్ళు ఏ దేశంలో ఏ కుర్చీలో కూర్చున్నారో ఎవడికెరుక. తుపాకులు పంపింది మాత్రం ఇక్కడి గవర్నర్. తమ్ముడు హిజామ్ అదే అడిగేశాడు, అందరి ముందూ. కరిచిన కుక్క ఒకడిది, కట్టు కట్టడానికి వచ్చింది ఇంకొకడా అన్నాడు. ఇరవై ఏళ్ళొచ్చాయి, నోటికి తాళం లేదు వెధవకి. ముఖ్బిల్ మొహం మాడిపోయింది.

నాన్న తలుపు వైపు చూశాడు. వెనక నేనున్నానని తెలుసు. తీసుకో అని తలూపాను. తీసుకోకపోతే హిజామ్ రేపే కొండెక్కి ఆ నల్లజెండా వాళ్ళలో కలుస్తాడు. అన్న ఎలాగూ తిరిగిరాడు. ఉన్నవాడైనా నాకు మిగలాలి.

నాన్న తీసుకున్నాడు.

మార్చి 5

రేడియోలో ఇంకా ఉగ్రవాదులనే అంటున్నారు. అన్న పికప్‌లో ఉన్నది ఖాత్ మూటలు. ఆ ఆకు మధ్యాహ్నంలోపు బజారుకి చేరకపోతే వాడిపోతుంది, వాడింది ఎవడూ నమలడు. అందుకే ఆ స్పీడు. పైనుంచి చూసేవాడికి స్పీడంటే అనుమానమట. దారిలో లిఫ్ట్ అడిగి ఎక్కిన ముగ్గురూ పోయారు. అడిగితే లేదనడం మా అన్నకి చేతకాదు.

పోయిన ఏడాది కొండ మీది వాళ్ళని మా బావి దగ్గర్నుంచి రాళ్ళతో తరిమింది ఈ ఉగ్రవాదే. అది చెప్పరేం రేడియోలో?

మార్చి 9

తుపాకుల్ని దుప్పట్లో చుట్టాను. కట్టడానికి తాడు దొరక్క, పోయిన అమ్మ పసుపు ముసుగు చించి ఆ పేలికతో కట్టాను. మేడ మీది గదిలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా నడుముకే.

మార్చి 16

కొండ మీది వాళ్ళు పరామర్శకొచ్చారు! సిగ్గులేని జన్మలు. ఒక గొర్రెపోతుని కూడా తోలుకొచ్చారు. పగ ఊసే ఎత్తలేదు. అన్న పేరు చెప్పుకుని ఏడ్చారు. బాగా ఏడ్చారు. గవర్నర్ మనుషులకి ఆ మాత్రం ఏడుపు కూడా రాలేదు. అన్న విసిరిన రాయి తగిలి నుదురు పగిలినవాడే నాన్న చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. హిజామ్ వాడి నుదుటి మచ్చ వంకే చూస్తూ కూర్చున్నాడు. పరామర్శకొచ్చినవాణ్ణి పొమ్మనలేం కదా. నాన్న కాఫీ ఇప్పించాడు.

చెక్‌పోస్ట్ సిపాయి యస్లమ్ కూడా వచ్చాడు. కింది ఊరివాడు. రోజూ అన్న పికప్ ఆపి, గుప్పెడు ఖాత్ లాక్కుని, పోరా దొంగా పో అని పంపేవాడు. ఇవాళ మా వాకిట్లో కూలబడి, ఇప్పుడెవణ్ణి దొంగా అనాలి అని వెక్కిళ్ళు పెట్టాడు. వాళ్ళమ్మ రొట్టెలు పంపింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అందరం తిన్నాం.

మార్చి 28

తీర్పు లేదు.

ఏప్రిల్ 2

మా ఇంట్లో ముందు మగవాళ్ళకి రొట్టె, తర్వాత పిల్లలకి, చివర మాకు. వదిన ముహ్సినా హిజామ్‌కి పిల్లల తర్వాత పెడుతోంది. వారం నుంచి చూస్తున్నాను. ఇవాళ అడిగేశాను. మగవాళ్ళకి ముందే పెట్టాగా, మామగారికి, అంది. వాడక్కడే ఉన్నాడు. విన్నాడు. నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఒళ్ళు మండిపోయింది. అన్న నీకు మొగుడైతే నాకు తోడబుట్టినవాడు కాదా, ఏడుపంతా నీదేనా అని అరిచాను. నీకింకొక తమ్ముడున్నాడుగా, నాకింకొక మొగుడున్నాడా అంది.

ఏప్రిల్ 21

డ్రోన్ మళ్ళీ పొద్దున్నుంచీ. నేను పాఠాలు చెప్పే స్కూల్లో సగంమంది ఆడపిల్లలు రాలేదు. వచ్చినవాళ్ళు బల్లల కింద.

ఇదివరకు ఇది రాగానే, అత్తగారొచ్చింది సర్దుకోండి అని హిజామ్ కేకేసేవాడు. పైన కూర్చుని అందర్నీ కనిపెడుతుంది, కిందికి దిగి చెంబు నీళ్ళు తేదు అనేవాడు. అచ్చం దానిలాగే ముక్కుతో జుమ్మనేవాడు. ఊరంతా పగలబడి నవ్వేది. ఇప్పుడది నెత్తి మీద తిరుగుతున్నా తల ఎత్తడు.

తీర్పు ఏదని నాన్న కబురు పెడితే, గవర్నర్ రాజధానిలో ఉన్నాడట. కాకికి ఎద్దు పుండు నొప్పా.

మే 6

వాన. మేడ గది కురిసింది. తుపాకులు తుప్పు పడతాయక్కా, నూనె రాస్తాను అన్నాడు హిజామ్. వాడంతట వాడు ఒక పని చేస్తానని నెలల తర్వాత అడిగాడు. సంతోషమేసింది. తాళంచెవి ఇచ్చాను. సాయంత్రం తిరిగిచ్చేస్తూ నా జడ పట్టి లాగాడు, చిన్నప్పటిలా.

మే 8

హిజామ్ లేడు.

మూట విప్పాను. పదకొండే ఉన్నాయి.

మే 11

చెక్‌పోస్ట్ మీద కాల్పులు. ఒక్కడే పోయాడు.

యస్లమ్.

మే 13

నాన్న పదకొండు తుపాకులూ గాడిద మీద వేసుకుని కింది ఊరు వెళ్ళాడు. ఇప్పుడు తప్పు మాది. పంపడానికి మా దగ్గర వేరే తుపాకులెక్కడివి? తాకట్టు తుపాకులే తాకట్టుకి. దారంతా జనం చూశారట. ఎవరూ సలాం చెప్పలేదట.

యస్లమ్ తండ్రి అవద్ తీసుకున్నాడు. తల్లి మాత్రం ఒక్కటే అడిగిందట. నేను పంపిన రొట్టెలు హిజామ్ కూడా తిన్నాడా అని. తిన్నాడమ్మా అని నాన్న చెప్పాడు. అబద్ధం చెప్పొచ్చుగా అన్నాను నేను. నాన్న నా వైపు చూడలేదు.

హిజామ్‌ని ఆ తుపాకుల గదిలోకి పంపింది నేనే.

మే 20

గవర్నర్ తప్పుకి తీర్పు లేదు. మా తప్పుకి వారంలో వచ్చేసింది.

హిజామ్ దిగొచ్చి, పన్నెండో తుపాకీ తన చేత్తో యస్లమ్ తల్లి ముందు పెట్టాలి. వాళ్ళు ప్రాణం తియ్యరు. ఊరొదిలి పోతే చాలు. దారి పొడుగునా పూచీ అవద్‌ది. కొడుకుని పోగొట్టుకుని ఆ మాట ఇచ్చాడంటే మామూలు మనిషి కాదు, మా నాన్న కూడా ఇవ్వలేడు.

హిజామ్‌కి చెప్పేదెలా? ఫోన్ చెయ్యమన్నాడు ముఖ్బిల్. ఎన్నడూ ఫోన్ చెయ్యకు, డ్రోన్ ఫోన్లు వింటుంది అని హిజామ్ ముందే కొండ మీది గొర్రెలకాపరితో కబురు పెట్టాడు. కాపరి మళ్ళీ ఎప్పుడు దిగుతాడో తెలీదు. అవద్ ఇచ్చిన గడువు గురువారం.

చేశాను.

ఎందుకు చేశావక్కా అన్నాడు ముందు. తర్వాత ఏడ్చాడు. దుమ్ములో, మసక వెలుతుర్లో యూనిఫామ్ కనపడిందక్కా, యస్లమ్ కనపడలేదు అన్నాడు. దూరం నుంచి చూశావు మరి అన్నాను. నా నోటికి జాలి లేదు. వస్తానన్నాడు.

మే 23, గురువారం, ఉదయం

వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. కొడదామనుకున్నాను, కొట్టాను కూడా, తర్వాత పట్టుకుని వదల్లేదు. వదినా, నా వంతు వచ్చిందా అని వంటగదిలోకి తొంగిచూశాడు. వదిన పొయ్యి వైపు తిరిగింది. నేనే రొట్టె పెట్టాను.

తుపాకీని రెండు చేతుల్తో తల మీదికెత్తుకుని నడవాలి, పిడి ముందుకి, గొట్టం వెనక్కి. నాన్న కొత్త తలపాగా చుట్టాడు. గడప దాటగానే పైన జుమ్మని మొదలైంది. అత్తగారు కూడా పంచాయితీకొస్తోంది నాన్నా అన్నాడు హిజామ్. నాన్న నవ్వాడు. అన్న పోయాక ఇదే మొదటిసారి. మేడ మీదినుంచి చూస్తున్నాను. ఇద్దరూ వంపు దగ్గరికి చేరారు. వంపు దిగితే అవద్ ఇల్లే.

మధ్యాహ్నం

ఇద్దరూ.

మే 25

పరారీలో ఉన్న సాయుధుడైన ఒక నేరస్థుడూ, అతని అనుచరుడూ హతం. రేడియో.

సాయుధుడు! తప్పు ఒప్పుకోడానికి మోసుకెళ్తున్న తుపాకీ అది. అనుచరుడట మా నాన్న. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు.

ఫోన్ బావిలో పడేశాను. ఇప్పుడు పడేశాను.

వదిన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

మే 29

కొండ మీది వాళ్ళు మళ్ళీ పరామర్శకి. ఈసారి వెనక ఊరి కుర్రాళ్ళు కూడా ఉన్నారు. ముగ్గురు నా స్కూలు పిల్లల అన్నలే. పోయిన ఏడాది అన్నతో కలిసి రాళ్ళు రువ్వినవాళ్ళు.

గవర్నర్ ఎవర్నీ పంపలేదు. నేరస్థుడికి తుపాకులు పంపరట.

జూన్ 2

అవద్ వచ్చాడు. భార్యతో, గాడిదతో. తన పూచీలో ఉండగా, తన వాకిలికి కూతవేటు దూరంలో మావాళ్ళు పోయారు. కాబట్టి తప్పు ఇప్పుడు తనదట. కొడుకుని చంపినవాడి ఇంటికి క్షమాపణకొచ్చాడు ముసలాయన. కొట్టినవాళ్ళు తప్ప అందరం ఒకరికొకరం క్షమాపణలు చెప్పుకుంటున్నాం.

మూట దించాడు. అవే తుపాకులు. అమ్మ పసుపు పేలిక కట్టు కట్టినట్టే ఉంది. ఎవరి ముందు పెట్టాలో తెలీక చుట్టూ చూశాడు. ఇంట్లో తీసుకునే మగవాడు లేడు. యస్లమ్ తల్లి నా చెయ్యి పట్టుకుని, తీసుకోమ్మా, మోయలేకపోతున్నాం అంది.

నేను తీసుకున్నాను. తాళం వెయ్యలేదు.

సాయంత్రం వదిన మొదటి రొట్టె నా ముందు పెట్టింది.