గువ్వల కొక్కేనికి కాటా

సురబాయ,
కాలువగట్టు సందు.

వార్డు అధికారిణి విదార్తి గారికి,

మైదానం మూసేస్తున్నాం, తాళంచెవి అప్పగించమని మీరు పంపిన కాగితం అందింది. ఆదివారం గొడవ జరిగిన మాట నిజం. తప్పు నాది. గువ్వల కూతల పోటీకని మగవాళ్ళు అడిగారు, పసిపిల్లల తూకానికని ఆడవాళ్ళు అడిగారు. ఇద్దరికీ ఒకే పూటకి "అలాగేనండీ" అన్నాను. ముఖం మీద కాదనడం మా జావావాళ్ళకి చేతకాదని మీకు తెలియనిదా?

పంజరాలు వేలాడదీసే కొక్కేనికి మా ఆరోగ్య కార్యకర్త తుమిని కాటా తగిలించబోయింది. గువ్వల సంఘం పెద్ద కాసియాన్ గారు మండిపడి, అక్కడి నుంచే మీకు ఫోన్ చేసి ఫిర్యాదు చేశారు.

"పిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే నా గువ్వ గొంతు విప్పుతుందా?" అన్నారాయన.

"గువ్వకి గింజలు ఏరి ఏరి పెడతారు కదా బాబాయ్, మీ మనవరాలి బరువెంతో చెప్పండి చూద్దాం!" అంది తుమిని.

ఆయన తన పంజరం తనే దింపి, కాటా తగిలించి, మనవరాలిని గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టారు. ఆరు కిలోల మూడు వందల గ్రాములు! పాప కెవ్వుమంది, కింద పంజరంలో గువ్వ కూత అందుకుంది, సందంతా పడీపడీ నవ్వింది. ఇప్పుడు మగవాళ్ళంతా ఎవరి పిల్ల ఎన్ని గ్రాములు పెరిగిందో గొప్పలు చెప్పుకుంటున్నారు.

తాళంచెవి ఈ ఉత్తరంతోనే పంపేదాన్ని. కానీ కొక్కేనికి నూనె రాయాలంటూ పొద్దున్నే కాసియాన్ గారు వచ్చి అడిగి పట్టుకుపోయారు. కాదనడం నాకు చేతకాదని పైనే రాశాను కదండీ.

ఇట్లు,
మైదానం కాపలామనిషి