క్వార్టర్స్

కోయిలకుంట్ల,
6 అక్టోబర్ 2024.

ప్రియమైన మీకు,

ఈ సంచిలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి ఉన్నాయి. పొడి డబ్బా కింద ఈ ఉత్తరం పెట్టాను. ఫోనుంటే ఉత్తరమెందుకని అడగకండి. ఫోనులో అత్తమ్మ స్పీకర్ పెట్టమంటుంది, మన హర్షిణి మధ్యలో అందుకుంటుంది, మీరేమో అన్నిటికీ "ఊఁ" అంటారు. ఏది విన్నారో, ఏది వదిలేశారో నాకు తెలియడం లేదు. కాగితమైతే మళ్ళీ తీసి చూసుకోవచ్చు. మీ రూములో మిగతా ముగ్గురూ లాక్కుని చదువుతారని తెలుసు. చదవనీయండి. చదివినా ఇబ్బంది లేనట్టే రాస్తాను.

మీ సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అవుతుందనీ, జనవరిలో పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి ఉన్నవాళ్ళలోంచే తీసుకుంటారనీ మొన్న మీరే చెప్పారు. చెప్పి, వెంటనే టమాటాల గురించి మాట్లాడారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

లక్ష్యం: ఫిబ్రవరికల్లా మీరు సూపర్‌వైజర్ కావాలి. అందుకు ఈ నెలలో చేయాల్సింది రెండే. ఎర్రగుంట్లలో నెట్ సెంటర్‌కి వారానికి మూడు రోజులు వెళ్ళి, కంప్యూటర్లో షిఫ్టు రిపోర్టు తయారు చేయడం నేర్చుకోండి. రోజూ షిఫ్టు దిగాక, ఆ రోజు పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని నోటుబుక్కులో నాలుగు వాక్యాలు రాయండి. ఆరేళ్ళ అనుభవం మీ తలలో ఉంది, మేనేజర్‌కి కనబడేది కాగితం మీదే.

అత్తమ్మకి చెబితే నవ్వింది. "బడికి పోతానని పోయి బాయిలో ఈత కొట్టినోడు వాడు. వానికి ఇప్పుడు నువ్వు పాఠాలు చెప్తాండావా!" అంది. నవ్వనీండి.

మీ
శివలీల

*

ఎర్రగుంట్ల,
2 నవంబర్ 2024.

లీలకు,

నీ ఉత్తరం నేను తీసేలోపే రూములో వాళ్ళు చదివేశారు. అప్పటినుంచి నేను నోటుబుక్కు తీస్తే చాలు, "ఏమప్పా సూపర్‌వైజరూ, హోంవర్కు అయిందా?" అని ఒకటే ఎగతాళి. అయినా వదల్లేదు. నెట్ సెంటర్‌కి పోతున్నాను. షిఫ్టు రిపోర్టు చేయడం వచ్చింది.

కాగితానికి గ్రీజు అంటింది, ఏమీ అనుకోవద్దు. నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాక ఒక సంగతి బయటపడింది. రెండో నంబర్ ప్యాకింగ్ మెషిన్ ఎప్పుడు చూసినా మధ్యాహ్నం షిఫ్టులోనే ఆగుతోంది. మెషిన్లు రిపేరు చేసే ఫిట్టర్ ప్రేమయ్య మామకి రాసింది చూపించాను. ఆయన అద్దాలు పైకి లాగి మొత్తం చదివి, "ఇంతమంది ఉండారు గానీ, ఈ మాట ఒక్కడూ చెప్పల్యా. రా, నువ్వే ఇప్పు" అని స్పానర్ నా చేతికిచ్చాడు. బేరింగ్ వేడెక్కి బిగుసుకుపోతోంది. ఆగడానికి పది నిమిషాల ముందే సన్నగా ఒక చప్పుడు వస్తుంది. బస్తా పడే దడదడలో అది ఎవరికీ వినపడదు. నాకు ఇప్పుడు వినపడుతోంది. నిన్న ఆగకముందే ఆపించి, గ్రీజు పెట్టాం. షిఫ్టంతా ఒక్కసారి కూడా ఆగలేదు. లీలా, రాత్రి అన్నం తింటున్నా అదే చప్పుడు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

దీపావళికి రాలేకపోయాను. హర్షిణికి చెప్పు. రొట్టెలు ముగ్గురూ కలిసి ఖాళీ చేశారు, నాకు రెండు మిగిలాయి.

మునీంద్ర

*

కోయిలకుంట్ల,
15 డిసెంబర్ 2024.

ప్రియమైన మీకు,

మీరు ఈ మధ్య రాసిన ఉత్తరాలన్నీ ముందేసుకుని చూశాను. పరీక్ష గురించి ఉత్తరానికి మూడు వరుసలు. మెషిన్ గురించి రెండేసి పేజీలు. ఆదివారాలు కూడా ప్రేమయ్యగారి షెడ్డులోనే ఉంటున్నట్టున్నారు. నేర్చుకోవడం మంచిదే. కానీ పరీక్షకి ఇంకా నాలుగు వారాలే ఉన్నాయి. ఆదివారాలు పుస్తకానికి ఇవ్వండి.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో కర్నూల్లో రాజశేఖర్ బావని అడిగాను. ఆయన ఆఫీసులో ఇలాంటి ఇంటర్వ్యూలు ఆయనే చేస్తాడు. "మొదట అందరూ అడిగేది ఒకటే. ఈ పోస్టు నీకెందుకు కావాలి? అక్కడే సగంమంది తడబడతారు" అన్నాడు. వేరే కాగితంలో పద్దెనిమిది ప్రశ్నలు, జవాబులతో రాశాను. ఈ ఒక్కదానికి మాత్రం జవాబు రాయలేదు. అది మీరే రాసుకోవాలి. రాసి నాకు పంపండి, చూస్తాను.

హర్షిణి లెక్కల్లో క్లాసులో రెండో స్థానంలో ఉంది. మొదటి స్థానం ఎందుకు రాలేదని నేనడగలేదు. తనే వచ్చి చెప్పింది.

మీ
శివలీల

*

ఎర్రగుంట్ల,
9 ఫిబ్రవరి 2025.

లీలకు,

ఫోనులో నాలుగుసార్లు అడిగావు. "ఇంకా తెలియల్యా" అన్నాను. అబద్ధం. ఆ పోస్టు వేరే అతనికి ఇచ్చి మూడు వారాలైంది.

పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు. ఇంటర్వ్యూలో నువ్వు రాసిచ్చిన పద్దెనిమిదిలో పదకొండు వచ్చాయి. మొదటి ప్రశ్న బావ చెప్పిందే. నీకు రాసి పంపమన్నావు, పంపలేదు. ఎందుకంటే ఎన్నిసార్లు కూర్చున్నా కాగితం మీద ఏమీ రాలేదు. అక్కడ కూర్చున్నప్పుడూ రాలేదు. ఉన్న మాట నోట్లోంచి వచ్చేసింది. "మా ఇంటామె చెప్పింది సార్" అన్నాను.

ఇంటర్వ్యూ చేస్తున్న ముగ్గురూ నవ్వారు. వాళ్ళలో పెద్దాయన మాత్రం నవ్వడం ఆపి, "అది సరేనయ్యా, నీకేం కావాలో చెప్పు" అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. ప్రేమయ్య మామ జూన్‌లో రిటైర్ అవుతున్నాడు. ఆయన కింద నేర్చుకుని ఆ ఫిట్టర్ పని చేస్తానని చెప్పాను. ఒప్పుకున్నారు. మార్చి ఒకటి నుంచి షెడ్డులో. జీతం ఇప్పుడున్నదే. కుర్చీ ఉండదు, తెల్ల చొక్కా ఉండదు, క్వార్టర్స్ ఉండవు.

నీకు చెప్పడానికి భయపడ్డాను. పోయినేడు మీ అక్కవాళ్ళ గృహప్రవేశంలో ఒకామె, "మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడిగింది. "ఫ్యాక్టరీలో" అని ఒక్క మాట చెప్పి నువ్వు వంటల సంగతి ఎత్తుకున్నావు. నేను వెనకే ఉన్నాను. బావ ఆఫీసరు. నేను బస్తాలు ఎత్తించేవాణ్ణి. నువ్వు పేరు కోసమే ఇంత పట్టుబట్టావని తెలుసు. అందులో తప్పు లేదు. ఆ పేరు తేలేకపోయాను.

మునీంద్ర

*

కోయిలకుంట్ల,
27 ఫిబ్రవరి 2025.

ప్రియమైన మీకు,

పద్దెనిమిది రోజులు మీకు జవాబు రాయలేదు. ఫోనులో కూడా అత్తమ్మ పక్కనే నిలబడి, పనుందని తప్పుకున్నాను. కోపం వచ్చింది. ఇంకా కొంత ఉంది. పోస్టు పోయినందుకు కాదు, మూడు వారాలు దాచినందుకు.

గృహప్రవేశం రోజు ఆమెకి నేను ఎందుకు మాట మార్చానో చెబుతాను. ఆ ప్రశ్న తర్వాత ఎవరైనా అడిగేది ఇంకొకటి ఉంటుంది. "ఎన్నాళ్ళకొకసారి వస్తాడు?" దానికి జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆరేళ్ళలో మీరు ఇంట్లో ఉన్నది రెండు వందల అరవై ఒక్క రోజులు. పాత క్యాలెండర్లలో నేను గుర్తు పెట్టినవన్నీ కలిపి లెక్కేశాను.

నాకు సూపర్‌వైజర్ అక్కర్లేదు. సూపర్‌వైజర్‌కి క్వార్టర్స్ ఇస్తారు. నాకు కావలసింది ఆ రెండు గదులు. మీ లక్ష్యం, మీ మెట్లు, మీ ప్రశ్నలు అన్నీ రాశాను. ఎందుకో మాత్రం రాయలేదు. నలభై ఆరేళ్ళ మనిషిని, పదో తరగతి పిల్ల తల్లిని, మొగుడి దగ్గర ఉండాలని ఉంది అని రాస్తే రూములో ముగ్గురూ చదివి నవ్వరా? అందుకని మీ ఉద్యోగం మాటున దాక్కున్నాను. నా కోరికని మీ లక్ష్యం చేసి పంపాను. మీరు తడబడింది నా జవాబు దగ్గర. మీ జవాబు అడిగితే తడబడలేదు.

ఫిట్టర్ పని తీసుకోండి. మీ ఉత్తరాల్లో రెండేసి పేజీలు దేనికి వచ్చాయో నాకు కనబడుతూనే ఉంది. చూసి కూడా ఆదివారాలు మానేయమన్నాను.

ఇక ఇది నా లక్ష్యం. హర్షిణి పరీక్షలు మార్చి ఆఖరుకి అయిపోతాయి. జూన్‌లో కర్నూలు కాలేజీ హాస్టల్‌కి వెళుతుంది. అడిగితే, "నా కోసమని ఈడ ఉంటాండావా, నేను హాస్టల్‌కి పోతానని ఎప్పుడో చెప్తిని గదా" అంది. మిగిలింది అత్తమ్మ. నిన్న చెప్పాను.

"నేను యాడికే వచ్చేది? ఆ సిమెంటు దుమ్ములోకా?" అంది.

"నీ కొడుకు ఆ దుమ్ములోనే ఉండాడు కదత్తా."

వక్కాకు సంచి తీసి లోపల చూసుకుంది. తర్వాత, "ఆడ ఆకు, వక్క దొరుకుతాయేమో కనుక్కో. దొరక్కపోతే నేను రాను" అంది. లేచి తన చీరలు రెండు కుప్పలుగా సర్దడం మొదలుపెట్టింది. ఎర్రగుంట్లకి ఒక కుప్ప, పారేయడానికి ఒకటి.

క్వార్టర్స్ లేకపోతే అద్దె ఇల్లు. రెండు గదులు చాలు. అత్తమ్మకి మెట్లు ఎక్కే పని ఉండకూడదు. నీళ్ళు ఏ వేళకి వస్తాయో పక్కింటివాళ్ళనే అడగండి, ఓనర్‌ని కాదు. వంటింటికి కిటికీ ఉండాలి. ఒకటి చూసి, "బాగుంది" అని రాస్తే సరిపోదు, మాట్లాడేసి రాయండి.

ఏప్రిల్ ఇరవైకి వస్తున్నాం. ఆ తర్వాత మీరు షిఫ్టు దిగి వచ్చేసరికి తలుపు తీసే ఉంటుంది.

మీ
లీల